లంగరు పట్టిందా, అమ్మాయ్?



కిందటేడు ఏప్రిల్‌లో మా ఇంటివాళ్ళం ఏడుగురం ఒక తెరచాప పడవ అద్దెకు తీసుకుని కరీబియన్ సముద్రంలో ఏడు రోజులు తిరిగాం. ఆ ఏడు రోజుల గురించి ఇవాళ కొద్దిగానే చెబుతాను. దానికి ముందు గడిచిన పది నెలల గురించి ఎక్కువ చెబుతాను. ఆ పది నెలల తయారీ లేకపోతే మా అమ్మ పడవ ఎక్కేది కాదు. అమ్మ ఎక్కకపోతే నేనూ ఎక్కేదాన్ని కాదు.

మా అమ్మది దివిసీమ, నాగాయలంక దగ్గర ఒక పల్లె. 1977 నవంబరు 19న ఉప్పెన వచ్చేనాటికి ఆమెకు ఇరవై ఏళ్ళు. ఆ రాత్రి సంగతి మాకు ఎప్పుడో ఒక్కసారి చెప్పబోయింది. తాటిచెట్టు, తాడు అన్న రెండు మాటల దగ్గరే ఆగిపోయింది. మేమూ మళ్ళీ అడగలేదు. ఆ తర్వాత ఆమె సముద్రపు ఒడ్డుకు వెళ్ళగా నేను చూడలేదు. మా పెళ్ళయ్యాక అందరం విశాఖపట్నం వెళ్తే, మేం బీచ్‌లో ఉన్నంతసేపూ ఆమె హోటలు గదిలోనే ఉండిపోయింది.

అలాంటి మనిషికి, "అమ్మా, తమ్ముడూ మేమూ పిల్లలతో పడవ ప్రయాణం అనుకుంటున్నాం, నువ్వూ రావాలి" అని అట్లాంటా నుంచి ఫోన్లో చెప్పడానికి నాకు నోరు రాలేదు. చివరికి చెప్పాను. రెండు రోజులు ఫోను ఎత్తలేదు. మూడో రోజు తనే చేసింది. కుశలం అడగలేదు, వస్తాననలేదు, రాననలేదు. "అమ్మాయ్, ఆ పడవలో మంచినీళ్ళు ఎన్ని పడతాయి?" అంది.

నా దగ్గర జవాబు లేదు. పడవ బొమ్మలు నలభై చూశాను గానీ నీళ్ళ సంగతి చూడలేదు. మా తయారీ ఆ ప్రశ్నతో మొదలైంది.

ముందు, మేం వెళ్ళిన చోటు ఎక్కడుందో చెబుతాను. ప్యూర్టోరికోకు తూర్పున బ్రిటిష్ వర్జిన్ దీవులు ఉన్నాయి. చిన్నా పెద్దా కలిపి అరవై దాకా దీవులు, తిప్పలు. అన్నిటికంటే పెద్దది టోర్టోలా, దాని రేవు పట్నం రోడ్‌టౌన్. దీవులు రెండు వరసల్లో ఎదురెదురుగా ఉంటే వాటి మధ్య సర్ ఫ్రాన్సిస్ డ్రేక్ ఛానల్ అనే జలమార్గం సాగుతుంది. ఒక దీవి దగ్గర నిలబడితే తర్వాతి దీవి కంటికి కనిపిస్తుంది. తూర్పు నుంచి వీచే వ్యాపార పవనాలు ఏడాదిలో చాలాభాగం నిలకడగా ఉంటాయి. ఆటుపోట్ల తేడా అడుగు, అడుగున్నర మించదు. కొత్తగా తెరచాప నేర్చుకున్న కుటుంబాలు ఇక్కడికి రావడానికి కారణాలు ఇవే. మూరింగ్స్ అనే సంస్థ 1969లో టోర్టోలాలోనే పడవలు అద్దెకివ్వడం మొదలుపెట్టింది. ఇప్పుడు అక్కడ అలాంటి సంస్థలు చాలా ఉన్నాయి.

పడవను మూడు రకాలుగా ఇస్తారు. పడవనొక్కదాన్నే ఇచ్చి నడుపుకోమంటారు, దాన్ని బేర్‌బోట్ అంటారు. లేదా ఒక సరంగును ఇస్తారు. ఇంకా ఖర్చు పెట్టగలిగితే సరంగూ వంటమనిషీ ఇద్దరూ వస్తారు. మేం తీసుకున్నది 42 అడుగుల కాటమరాన్, నాలుగు గదులది. ఆ పేరు గురించి ఒక్క మాట. కోరమండల్ తీరంలో దుంగలు కలిపి కట్టిన తెప్పను తమిళులు కట్టుమరం అంటారు. ఆ మాటే యూరపు నావికుల నోట పడి కాటమరాన్ అయింది. రెండు పొట్టల ఈ నేటి పడవకూ ఆ తెప్పకూ పోలిక లేదు, పేరు మాత్రం మన తీరం నుంచి వెళ్ళింది. ఈ సంగతి అమ్మకు చెబితే చాలాసేపు ఆలోచించి, "అయితే తెప్ప మునగదుగా" అంది. రెండు పొట్టలున్నందువల్ల పక్కకు ఒరగడం తక్కువ, మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళకు నడవడం తేలిక, నీటి కింద లోతు నాలుగడుగుల చిల్లరే కాబట్టి ఒడ్డుకు దగ్గరగా ఆగొచ్చు. అమ్మ కోసమే దాన్ని ఎంచుకున్నాం.

ఇక నీళ్ళు. మా పడవ టాంకుల్లో సుమారు 600 లీటర్లు పడతాయి. ఏడుగురం, ఏడు రోజులు. లెక్క కడితే మనిషికి రోజుకు పన్నెండు లీటర్లు. మన ఇళ్ళలో స్నానానికి పెట్టుకునే బకెట్ ఒక్కటే అంతకంటే ఎక్కువ పడుతుంది. తాగడానికి టాంకు నీళ్ళు వాడకూడదనుకున్నాం. మనిషికి రోజుకు మూడు లీటర్ల చొప్పున డబ్బాల్లో 150 లీటర్లు వేరే కొన్నాం. అమ్మ ఇంకో మాట అంది: "కాగితం మీద లెక్క ఎందుకు, ఇంట్లో చేసి చూడండి." సరేనని ఒక శని, ఆదివారాలు ఇంట్లో కుళాయిలు కట్టేసి, తలకు పన్నెండు లీటర్లు క్యాన్లలో పోసి పెట్టుకున్నాం. పిల్లలు మొదటి రోజు మధ్యాహ్నానికే అయిపోగొట్టారు. అంట్లు తోమడం దగ్గరే ఎక్కువ పోతున్నాయని అప్పుడు తెలిసింది. అందుకే పడవ మీద గిన్నెలు ముందు సముద్రపు నీళ్ళతో కడిగి, చివర్న మాత్రమే మంచినీళ్ళతో తొలిపాం. ఒంటికీ అంతే. సముద్రంలో మునిగి లేచి, పైన రెండు చెంబులు. ఉప్పునీటిలో మామూలు సబ్బు నురగ రాదు. షాంపూ కొంచెం నయం.

రెండో ప్రశ్న మరో వారానికి వచ్చింది. "అక్కడ ఉప్పెన ఎప్పుడొస్తుంది?"

అట్లాంటిక్ తుపాన్ల కాలం జూన్ 1 నుంచి నవంబరు 30 దాకా. ఆ తుపాన్లకున్న హరికేన్ అన్న పేరే ఆ దీవుల్లో ఉండిన తాయినో ప్రజలది. డిసెంబరు, జనవరి నెలల్లో తుపాను భయం ఉండదు గానీ క్రిస్మస్ గాలులని పేరుపడ్డ బలమైన గాలులుంటాయి. ఉత్తరం నుంచి పెద్ద తరగలు వచ్చి ఉత్తరానికి తెరిచి ఉన్న రేవులను అతలాకుతలం చేస్తాయి. పిల్లల బడులకు వసంతం సెలవులుండే ఏప్రిల్ మాకు అన్ని విధాలా కుదిరింది. గాలి వేగం పదిహేను, ఇరవై నాట్లు. అంటే గంటకు ముప్ఫై కిలోమీటర్లకు అటూ ఇటూ.

ఇర్మా తుపాను సంగతి అమ్మ దగ్గర దాచలేదు. 2017 సెప్టెంబరు 6న ఆ తుపాను ఈ దీవుల మీదుగా గంటకు 180 మైళ్ళ గాలితో, అంటే దాదాపు 290 కిలోమీటర్ల వేగంతో పోయింది. టోర్టోలాలో పడవలు దాచుకునే పరాకిటా బే అనే మడుగులో వందల పడవలు ఒకదాని మీద ఒకటి కుప్పపడ్డాయి. ఆ ఫొటోలు అమ్మ తమ్ముడి ఫోన్లో ఒక్కొక్కటే చూసింది. "ఆ ఊళ్ళోవాళ్ళు మళ్ళీ కట్టుకున్నారా?" అని అడిగింది. కట్టుకున్నారమ్మా, ఇంకా కట్టుకుంటున్నారు అని చెప్పాను. ఆమె మనసు వెళ్దామన్న వైపు కదిలింది ఆ రోజేనని నా నమ్మకం.

మూడో ప్రశ్న: "సరంగు ఎవరు?"

నేనూ మావారూ రెండేళ్ళుగా అట్లాంటాకు ఉత్తరాన లేక్ లానియర్‌లో తెరచాప నేర్చుకుంటున్నాం. అమెరికన్ సెయిలింగ్ అసోసియేషన్ పాఠాల్లో 101 మొదటిది, 103 తర్వాతిది, 104 పూర్తయితే బేర్‌బోట్ నడపడానికి కావలసిన చదువు అయినట్టు. కానీ ఆ కాగితాన్ని చూసి మురిసిపోయే వీలు లేదని నాకు ఒక సాయంత్రం తెలిసొచ్చింది. గాలి వెనక నుంచి వీస్తోంది, చుక్కాని నా చేతిలో ఉంది. మాటల్లో పడి కొంచెం పక్కకు తిప్పాను. గాలి తెరచాప అవతలి పక్క పట్టింది. తెరచాప కింద ఉండే దూలం, బూమ్ అంటారు, ఒక్క విసురున ఈ చివర నుంచి ఆ చివరకు వచ్చింది. మావారి భుజానికి తగిలింది. తలకు తగిలి ఉంటే ఏమయ్యేదో ఇవాళ్టికీ తలుచుకోలేను. తప్పు నాదే. తిప్పుతున్నానని నోరు తెరిచి చెప్పలేదు.

ఆ రాత్రి కూర్చుని పడవ మాటలన్నీ తెలుగులో పెట్టుకున్నాం. అమ్మకు అర్థం కావాలి, పిల్లలకు నోరు తిరగాలి. "తిప్పుతున్నా" అని చుక్కాని దగ్గరున్నవాళ్ళు అరవాలి. "సరే" అని అందరి నుంచీ వచ్చాకే తిప్పాలి. తాడు "లాగు", తాడు "వదులు", "ఆపు". పడవ ముందు భాగాన్ని అణియం, వెనక భాగాన్ని అమరం అంటారని అమ్మే చెప్పింది, వాళ్ళ ఊరి పల్లెకారుల మాటలవి. మా పద్నాలుగేళ్ళవాడు అప్పటి నుంచి ఇంగ్లీషు మాట వాడితే ఒప్పుకోవడం మానేశాడు. లంగరు వేసేటప్పుడు మాత్రం ఇంజను చప్పుడులో కేకలు వినపడవు. దానికి చేతి సైగలు వేరే నేర్చుకున్నాం.

ఇంత చేసినా మొదటి రెండు రోజులకు అక్కడి సరంగును ఒకాయన్ని పెట్టుకున్నాం. చెరువు వేరు, సముద్రం వేరు. పిల్లలతో, పెద్దవాళ్ళతో వెళ్ళేవాళ్ళు ఆ డబ్బు దగ్గర వెనకాడవద్దని నా మాట.

పిల్లల సంగతికి వస్తే, లైఫ్ జాకెట్లు ఇంట్లోనే వేసి, పట్టీలు సరిచేసి, ఈతకొలనులో దూకించి చూశాం. వదులుగా ఉంటే జాకెట్ పైకి తేలి మొహానికి అడ్డం వస్తుంది. మనిషి నీళ్ళలో పడితే ఎవరు ఏం చెయ్యాలో ఒక్కొక్కరికీ పని ఇచ్చాం. మా చిన్నదానికి తొమ్మిదేళ్ళు. దాని పని అన్నిటికంటే తేలికైనదిలా కనిపిస్తుంది, అన్నిటికంటే ముఖ్యమైనదీ అదే. పడ్డ మనిషి వైపు వేలు చూపిస్తూ నిలబడాలి, చూపు తిప్పకూడదు. ఎవరు పిలిచినా, పడవ ఎటు తిరిగినా వేలు దించకూడదు. అలల మధ్య తల ఒక్కసారి కంటి నుంచి జారిందంటే మళ్ళీ దొరకబుచ్చుకోవడం చాలా కష్టం. చెరువులో దిండు విసిరి, పదిసార్లు సాధన చేశాం. పదోసారి దాని చెయ్యి నొప్పితో వణికింది, వేలు మాత్రం దించలేదు.

ముడులు నేర్చుకున్నదీ ఆ రోజుల్లోనే. బోలైన్ అని ఒక ముడి ఉంది. తాడు చివర ఉచ్చులాంటి మెలిక వస్తుంది. ఎంత బరువు పడినా ఆ ఉచ్చు బిగుసుకోదు, బరువు తీశాక చేత్తో విప్పొచ్చు. చిన్నది దాన్ని వీడియో కాల్‌లో అమ్మమ్మకు నేర్పింది. అటు విజయవాడలో అమ్మ చేతిలో బావి చేంతాడు ముక్క. మూడుసార్లు తప్పింది, నాలుగోసారి పడింది. తాడు లాగి చూసింది, మళ్ళీ లాగింది, విప్పింది. అప్పుడు చెప్పింది. ఉప్పెన రాత్రి మా తాతయ్య తనను తాటిచెట్టుకు కట్టిన ముడి నీళ్ళలో నాని బిగుసుకుపోయిందనీ, తెల్లారాక ఎవరో కొడవలితో కోసేదాకా ఊడిరాలేదనీ. నలభై ఏళ్ళు పైబడి మేం అడగని కథ, తొమ్మిదేళ్ళ పిల్లకు ముడి పాఠం మధ్యలో చెప్పింది. "ఇది అప్పుడు తెలిస్తే బాగుండేది" అని, మళ్ళీ మొదటి నుంచి కట్టడం మొదలుపెట్టింది.

కాగితాల గురించి క్లుప్తంగా. ఈ దీవులు అమెరికావి కావు. అమెరికాలో ఉద్యోగ వీసా మీద ఉన్న మనవాళ్ళు చాలామంది పాస్‌పోర్టులో ముద్ర గడువు తీరిపోయినా గమనించరు. దేశంలో ఉన్నన్నాళ్ళూ ఇబ్బంది కనిపించదు. దీవులకు వెళ్ళి తిరిగి వచ్చేటప్పుడు ఆ ముద్ర కావాలి. టికెట్లు కొనేముందే చూసుకోండి.

సామాను మెత్తని సంచుల్లో సర్దాలి. గట్టి సూట్‌కేసులు దాచడానికి పడవలో చోటుండదు. అమ్మ చీర గురించి నేను మొహమాటపడుతుంటే తనే తేల్చేసింది. తాడు చుట్టి లాగే వించ్ అనే చక్రం దగ్గర కొంగు, చున్నీ, విరబోసుకున్న జుట్టు, మెళ్ళో గొలుసు, వేలికి ఉంగరం అన్నీ ప్రమాదమేనని తమ్ముడు వీడియో చూపించాడు. "నాట్లు వేసేటప్పుడు గోచీ పోసి దోపుకోలేదా" అని, మా మరదలి చేత పొడుగు చేతుల చొక్కాలు, పైజామాలు కుట్టించుకుంది. గొలుసు విజయవాడలోనే పెట్టి వచ్చింది. ఒళ్ళంతా కప్పే బట్ట ఆ ఎండకు అన్నిటికంటే మంచి రక్ష. ఒంటికి రాసే సన్‌స్క్రీన్ విషయంలో జాగ్రత్త పడాలి. మేం విమానం దిగిన సెయింట్ థామస్ అమెరికా వర్జిన్ దీవుల్లోది. పగడపు దిబ్బలకు హానిచేసే ఆక్సీబెంజోన్, ఆక్టినోక్సేట్, ఆక్టోక్రిలీన్ ఉన్నవాటిని అక్కడ 2020 మార్చి నుంచి నిషేధించారు. జింక్ ఆక్సైడ్ ఉన్నది కొన్నాం.

తిండి దగ్గర అమ్మ ఎవరి మాటా వినలేదు. ఆవకాయ, కందిపొడి, చింతపండు, చిన్న కుక్కరు తెచ్చింది. పడవ కదులుతుండగా పొయ్యి దగ్గర నిలబడటం మంచిది కాదు కాబట్టి, పొద్దున్నే లంగరు మీద ఉండగానే పులిహోర కలిపేసేది. మధ్యాహ్నం ఎవరికి ఆకలేస్తే వాళ్ళు చేతిలోకి తీసుకుని తినొచ్చు. ఊగే పడవ మీద అంతకంటే సుఖమైన భోజనం నాకు తెలియదు. వికారం కోసం ముందురోజు రాత్రే మాత్ర వేసుకోవాలి. మొదలయ్యాక వేసుకుంటే అంతగా పనిచెయ్యదు. అల్లం ముక్క, కళ్ళు దూరపు అంచు మీద, కిందిగదిలోకి పోకుండా పైన గాలిలో కూర్చోవడం. ఇవి మా పెద్దవాడికి పనికొచ్చాయి.

చేపల దగ్గర మాత్రం అమ్మకు తెలిసిన విద్య అక్కడ చాలలేదు. మొప్ప ఎత్తి చూసి, వాసన చూసి చేప మంచిచెడ్డలు చెప్పగల మనిషి ఆమె. అయితే అక్కడి దిబ్బల దగ్గర తిరిగే పెద్ద చేపల్లో, ముఖ్యంగా బారకుడాలో, సిగ్వాటెరా అనే విషం చేరుతుంది. సముద్రపు నాచు మీద బతికే సూక్ష్మజీవుల్లో పుట్టి చిన్న చేప నుంచి పెద్ద చేపకు పోగవుతుంది. దానికి వాసన లేదు, రుచి లేదు, ఎంత ఉడికించినా పోదు. అందుకే పట్టిన చేప తినలేదు, ఊళ్ళోవాళ్ళు తినమన్నదే తిన్నాం. ఒడ్డున చిన్న ఆపిల్ పండ్లలా కాసే మాంచినీల్ చెట్టు గురించి పిల్లలకు బొమ్మ చూపించి మరీ చెప్పాం. దాని పండు తినకూడదు, పాలు ఒంటికి తగలకూడదు, వాన పడుతుంటే దాని కింద నిలబడనే కూడదు. చెట్టు మీద నుంచి కారిన నీళ్ళకే చర్మం పొక్కుతుంది.

ఇక అమ్మ అడిగిన చివరి ప్రశ్న. అన్నిటికంటే ఎక్కువసార్లు అడిగింది కూడా ఇదే. "లంగరు పట్టిందో లేదో ఎలా తెలుస్తుంది?"

లంగరు తన బరువుతో పడవను ఆపుతుందని నేనూ ఒకప్పుడు అనుకునేదాన్ని. ఆపేది బరువు కాదు, కోణం. గొలుసు నేలబారుగా లాగితే లంగరు ఇసుకలోకి దిగుతుంది, పైకి లాగితే ఊడొస్తుంది. అందుకే గొలుసు పొడుగ్గా వదలాలి. నీటి లోతు నాలుగు మీటర్లు, నీటి పైన అణియం ఎత్తు ఒక మీటరు అనుకుందాం. మొత్తం ఐదు. దానికి ఐదు రెట్లు, ఇరవై ఐదు మీటర్లు తక్కువలో తక్కువ. గాలి ఎక్కువైతే ఏడు రెట్లు, ముప్ఫై ఐదు. వేసే చోటు తెల్లటి ఇసుక అయి ఉండాలి. గోధుమరంగుగా కనిపిస్తే పగడం, అక్కడ వేస్తే దాన్ని చంపినట్టే. నీటి రంగు తెలియాలంటే సూర్యుడు ఎత్తున ఉండాలి. అందుకని మధ్యాహ్నం మూడింటికల్లా ఏ రోజు మజిలీకి ఆ రోజు చేరిపోయేవాళ్ళం. గొలుసు వదిలాక ఇంజను మెల్లగా వెనక్కి నడిపి, గొలుసు మీద చెయ్యి వెయ్యాలి. గడగడ అదిరితే లంగరు నేల మీద ఈడ్చుకొస్తోంది. బిగిసి, కదలకుండా ఉంటే పట్టింది. ఆ తర్వాత ఒకరు ఈత కళ్ళద్దాలు పెట్టుకుని దిగి, ఈదుకుంటూ వెళ్ళి కళ్ళారా చూసి రావాలి. చివరిగా, ఒడ్డు మీద రెండు గుర్తులు ఒకే వరసలో పడేట్టు చూసి పెట్టుకోవాలి. చెట్టూ ఇల్లూ కావచ్చు, రాత్రికి రెండు దీపాలు కావచ్చు. ఆ వరస చెదిరితే పడవ కదిలినట్టు. ఫోనులో దీనికి అలారాలు ఉన్నాయి, అవీ పెట్టాం. అమ్మ మాత్రం దీపాల పద్ధతినే రాసుకుంది.

రోడ్‌టౌన్‌లో పడవ ఎక్కేముందు రోజు ఒక చిన్న కొట్టులో రోటీ తిన్నాం. లోపల బంగాళాదుంప, శనగల కూర పెట్టి మడిచినది. 1838లో గయానాకు, 1845లో ట్రినిడాడ్‌కు మొదలైన మన వలసకూలీల ఓడలు ఆ రోటీని ఈ సముద్రానికి తెచ్చాయి. తర్వాతి ఏళ్ళలో మద్రాసు రేవు నుంచి వెళ్ళినవాళ్ళలో తమిళులతో పాటు తెలుగువాళ్ళూ ఉన్నారు. కొట్టు నడిపే ఆవిడ ఇర్మా నాడు స్నానాలగదిలో పరుపు అడ్డం పెట్టుకుని, పిల్లల్ని వొళ్ళో పొదువుకుని కూర్చున్నానని చెప్పింది. నేను తెలుగు చేసి చెబుతుంటే అమ్మ సగంలోనే చేత్తో ఆపింది. లేచి వెళ్ళి ఆవిడ పక్కన కూర్చుంది. ఇద్దరికీ కలిసిన భాష లేదు. చాలాసేపు అలాగే కూర్చున్నారు.

మూడో రోజు సరంగు దిగి వెళ్ళిపోయాడు. పడవ మా చేతికొచ్చింది. ఆ మధ్యాహ్నం వర్జిన్ గోర్డా దీవి ఉత్తరాన నార్త్ సౌండ్ అనే మూసినట్టుండే అఖాతంలోకి వెళ్ళాం. లోపలికి పోయే దారిలో ఎర్ర బోయాలు, ఆకుపచ్చ బోయాలు ఉంటాయి. మన విశాఖ రేవులోకి వచ్చే ఓడలు ఎరుపును ఎడమ పక్క ఉంచుకుంటాయి. అమెరికా ఖండాల్లో పద్ధతి తిరగబడుతుంది, లోపలికి పోయేటప్పుడు ఎరుపు కుడి పక్క ఉండాలి. అణియం దగ్గర అమ్మ, చిన్నది పక్కపక్కన నిలబడి "ఎరుపు కుడి, ఎరుపు కుడి" అని చెబుతూనే ఉన్నారు. నాలుగు మీటర్ల లోతు, తెల్లటి ఇసుక. గొలుసు ముప్ఫై ఐదు వదిలాం. మావారు వెనక్కి నడిపారు. అమ్మ వంగి గొలుసు మీద అరచెయ్యి ఆనించి, కళ్ళు మూసుకుంది. "లంగరు పట్టిందా, అమ్మాయ్?" అని నన్ను అడగలేదు. చెయ్యి తియ్యకుండానే మా వైపు తిరిగి తల ఊపింది.

రాత్రి గాలి కొంచెం హెచ్చింది. రెండింటికి మెలకువ వచ్చి పైకి వెళ్ళాను. అమ్మ అమరం దగ్గర బల్ల మీద కూర్చుని ఉంది. వొళ్ళో తాడు ముక్క. చీకట్లో చూడకుండానే ముడి కడుతోంది, విప్పుతోంది. కళ్ళు మాత్రం ఒడ్డున ఉన్న రెండు దీపాల మీద ఉన్నాయి.

"కదల్లేదు" అంది. "నువ్వెళ్ళి పడుకో. నాలుగింటికి నిన్ను లేపుతాను."